ఒకే క్లాసుకు రెండు స్కోపులు: 2009లో వదిలేసిన ప్రశ్న

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా టీములో సగం మందిమి తెలుగువాళ్ళం. ఈ వారం వాదన మీటింగు గది దాటి భోజనాల బల్ల దాకా వచ్చింది. జావా కోడును పాత జావాఎక్స్ ప్యాకేజీల నుంచి వాటి కొత్త పేరైన జకార్తాకు మారుస్తుండగా ఒక క్లాసు మీద పాత సింగిల్‌టన్ యానొటేషన్ (అప్లికేషన్ మొత్తానికి ఆ క్లాసు వస్తువు ఒక్కటే ఉండాలని చెప్పే గుర్తు) అలాగే ఉండిపోయింది. దాని కిందే కొత్త రిక్వెస్ట్‌స్కోప్డ్ (ప్రతి రిక్వెస్టుకూ కొత్త వస్తువు పుట్టాలనే గుర్తు) చేరింది. వస్తువు ఎంతకాలం బతకాలో చెప్పే ఇలాంటివే స్కోపులు. చదివినవారు మొదటిదాన్ని నమ్మి ఆ క్లాసులో కాష్ (ఒకసారి తెచ్చిన డేటాను దాచుకునే చోటు) పెట్టారు. ఆ కాష్ ప్రతి రిక్వెస్టుకూ ఖాళీగా పుట్టేది. భారమంతా డేటాబేస్ మీద పడింది. ఇలాంటివాటిని కంపైల్ దశలోనే ఆపాలా, అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు కంటైనర్ (ఈ వస్తువులను పుట్టించి నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుందని వదిలేయాలా అన్నదే తగవు.

క్లాసుకు కావలసిన వస్తువులను బయటి నుంచి అందించే పద్ధతి డిపెండెన్సీ ఇంజెక్షన్. దాని పుట్టుక తెలిసిన కథే. నా దృష్టిలో అసలు మలుపు 2009. ఈ పని చేసే జావా ఫ్రేమ్‌వర్కులైన గైస్ వైపు నుంచి బాబ్ లీ, స్ప్రింగ్ వైపు నుంచి రాడ్ జాన్సన్ ఆ మే నెలలో కలిసి జేఎస్‌ఆర్-330 అనే జావా ప్రమాణాన్ని ప్రతిపాదించారు. అక్టోబరుకల్లా ఖరారైంది. ఐదు యానొటేషన్లు, ఒక ఇంటర్‌ఫేస్, అంతే. క్లాసుకు ఒకటికి మించి స్కోపులుంటే ఇంజెక్టర్ (వస్తువులను అందించే సాఫ్ట్‌వేర్) దోషం చూపాలని అందులో ఉంది. ఏ దశలో చూపాలన్నది మాత్రం ఇంజెక్టర్‌కే వదిలేశారు.

గావిన్ కింగ్ నడిపిన మరో ఇంజెక్షన్ ప్రమాణం జేఎస్‌ఆర్-299 డిసెంబరులో జావా ఈఈ 6 (సర్వర్ అప్లికేషన్ల ప్రమాణాల సముదాయం)తో వచ్చింది. క్వాలిఫయర్లను (ఒకే రకం వస్తువుల్లో ఏది కావాలో చెప్పే గుర్తులను) ఒకే చోట ఎన్నయినా పెట్టుకోవచ్చంది. గైస్ రెండోదాన్ని ఒప్పుకోదు. ఆ జావా ఈఈ విడుదలలోనే ఈజేబీ 3.1 అనే ఇంకో ప్రమాణం తన సొంత సింగిల్‌టన్‌ను తెచ్చింది. పేరు ఒకటే, పని వేరు.

కంటైనర్ పక్షం వారి మాటలో నిజం లేకపోలేదు. స్కోపులు రెండు కనిపించడం ఎప్పుడూ తప్పు కాదు: రెండు స్టీరియోటైపులు (కొన్ని యానొటేషన్లను ఒకే పేరు కింద కలిపిన గుర్తులు) వేర్వేరు స్కోపులు చెప్పినా, క్లాసు తన స్కోపును స్పష్టంగా ప్రకటిస్తే తప్పు లేదు.

కానీ మా క్లాసు విషయంలో కంటైనర్ నోరెత్తలేదు. 2020 డిసెంబరులో జావా ఈఈ వారసురాలైన జకార్తా ఈఈ 9 ప్యాకేజీ పేర్లు మార్చాక, మేం వాడే కంటైనర్‌కు పాత సింగిల్‌టన్ ముక్కూమొహం తెలియనిదైంది. ఆ యానొటేషన్ ఉన్న పాత జార్ ఫైలు (జావా లైబ్రరీ) కూడా తీసేస్తే, నడిచే సమయంలో జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపేది) దాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఒక్క స్కోపే కనిపించే కంటైనర్ రెండున్నాయని ఎలా చెబుతుంది? సోర్స్ కోడులో మాత్రం రెండూ కళ్ళెదుటే ఉన్నాయి. కంపైల్ చేసేటప్పుడే యానొటేషన్లను చదివే యానొటేషన్ ప్రాసెసర్లు 2006 నాటి జావా 6 నుంచే ఉన్నాయి. డాగర్ అనే ఇంజెక్షన్ ఫ్రేమ్‌వర్కు ఇలాంటి తనిఖీలు కంపైల్ దశలోనే చేస్తుంది.

రెండు ప్యాకేజీల స్కోపులనూ కలిపి లెక్కించి, ఒకటి దాటితే బిల్డును ఆపే ప్రాసెసర్‌ను రాసి రివ్యూకు పెట్టాం. క్లాసు మీద నేరుగా రాసినవాటినే అది చూస్తుంది, స్టీరియోటైపుల జోలికి పోదు. ఆమోదం ఇంకా రావలసి ఉంది.