అంతరిక్ష ధూళి సెన్సర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అంతరిక్ష ధూళి సెన్సర్ అంటే ధూళిని ఫొటో తీసే కెమెరా లాంటిది.
వాస్తవం: ఈ సెన్సర్లతో పనిచేసే మేం కణాన్ని చూడం. అది గుద్దుకున్నప్పుడు పుట్టే విద్యుదావేశాన్ని కొలుస్తాం. సెకనుకు 10, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కణం లోహపు పలకకు తగలగానే ఆవిరైపోతుంది, అందులో కొంత భాగం అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. వేగం రెట్టింపైతే ఆవేశం సుమారు 11 రెట్లవుతుంది. అందుకే వేగం అంచనా కాస్త తప్పినా బరువు లెక్క ఎక్కడికో పోతుంది.

అపోహ: ల్యాబ్‌లో కాస్త ధూళి చల్లి చూస్తే టెస్టింగ్ అయిపోతుంది.
వాస్తవం: చల్లిన ధూళికి ఆ వేగం ఎక్కడిది? జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, అమెరికాలోని బౌల్డర్‌లో ఇందుకోసమే యాక్సిలరేటర్లు (రేణువులను అతివేగంగా తోసే యంత్రాలు) ఉన్నాయి. ఇనుప రేణువులకు ఆవేశం ఎక్కించి, లక్షల వోల్టులతో శూన్యంలో సెన్సర్ మీదికి వదులుతారు. ఖనిజ రేణువులైతే ముందు పైన పలుచగా వాహక పూత వెయ్యాలి, లేకపోతే ఆవేశం సరిగా ఎక్కదు. అసలు చిక్కు ఇంకోటుంది: ఈ యంత్రంలో రేణువు ఎంత చిన్నదైతే అంత వేగం. పెద్దదీ, వేగమైనదీ ఒకేసారి దొరకదు. అంతరిక్షంలో మాత్రం దొరుకుతుంది. అలాంటి కణాల కోసం కాలిబ్రేషన్ గీతను (ల్యాబ్‌లో తెలిసిన రేణువులకు ఎంత సిగ్నల్ వచ్చిందో చూసి గీసిన గీతను) కొలతలు దాటి పొడిగించక తప్పదు. ఆ పొడిగించిన భాగాన్ని రిపోర్టులో విడిగా చూపించాల్సిందేనని నేను పట్టుబడతాను.

అపోహ: ఎన్ని కణాలు తగిలాయో లెక్క తప్ప ఇంకేం రాదు.
వాస్తవం: అయాన్లు డిటెక్టర్‌ను చేరే సమయాన్ని బట్టి (తేలికవి ముందు చేరతాయి) కణంలో ఏముందో చెప్పొచ్చు. శనిగ్రహం దగ్గర కస్సీని నౌకలోని ధూళి పరికరం ఆ గ్రహపు ఉపగ్రహం ఎన్సెలాడస్ నుంచి ఎగజిమ్మిన మంచు రేణువుల్లో సోడియం లవణాలను పట్టింది. మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉందనడానికి అది గట్టి ఆధారం.

అపోహ: సిగ్నల్ వచ్చిందంటే ధూళి తగిలినట్టే.
వాస్తవం: ఈ రంగంలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. థ్రస్టర్ (నౌకను కదిపే చిన్న ఇంజిన్) పనిచేసినా, పలక మీద ఎండ పడినా, చుట్టూ ఉన్న ప్లాస్మా (ఆవేశం ఉన్న కణాల వాయువు) మారినా సిగ్నల్ కనిపిస్తుంది. అందుకే ఒక్క ఛానెల్‌ను, అంటే ఒక్క చోట కొలిచిన సిగ్నల్‌ను, ఎప్పుడూ నమ్మం. పలక మీద ఎలక్ట్రాన్ల పల్స్, దాని వెంటనే గ్రిడ్ (పలక ముందుండే లోహపు జాలి) మీద అయాన్ల పల్స్, రెండూ సరైన క్రమంలో రావాలి. ప్లూటో దగ్గరికి వెళ్లిన నాసా న్యూ హొరైజన్స్ నౌకలో విద్యార్థులు తయారుచేసిన డస్ట్ కౌంటర్‌ది ఇంకో పద్ధతి. దానిలోని 14 ఫిల్మ్ సెన్సర్లలో (పలుచని ప్లాస్టిక్ పొరలతో చేసినవి) రెండింటిని ధూళి తగలని చోట పెట్టారు. వాటిలో నమోదైన దాన్ని బట్టి మిగతా 12లో నాయిస్ (ధూళి వల్ల కాని సిగ్నల్) ఎంతో లెక్కగడతారు.