జంతు శరీరధర్మ శాస్త్రంలో జీనోమిక్స్: అపోహలు – వాస్తవాలు

జీనోమ్ (ఒక జీవి డీఎన్‌ఏ అంతా) మొత్తం చదివేస్తే ఆ జంతువు ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోయినట్టేనని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పరిశోధన ప్రతిపాదనల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే కొన్ని అపోహలు ఇవి.

అపోహ: జీనోమ్‌లో జన్యువు కనబడితే ఆ పని జరుగుతున్నట్టు, కనబడకపోతే జరగనట్టు.

వాస్తవం: జన్యువు ఉన్నంత మాత్రాన అది ఏ కణజాలంలో, ఎప్పుడు, ఎంత పనిచేస్తోందో తెలియదు. లేకపోవడం అంతకంటే గట్టి ఆధారం. పందుల సంగతి చూడండి. గోధుమ కొవ్వులో వేడి పుట్టించే యూసీపీ1 జన్యువు వాటి వంశంలో సుమారు 2 కోట్ల ఏళ్ల కిందటే పాడైపోయింది. అందులో 3 నుంచి 5 వరకు ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీ సమాచారం ఉండే ముక్కలు) అసలే లేవు. పుట్టిన పందిపిల్లలు వణికి వేడి పుట్టించుకోవాల్సి రావడానికి ఇదో ముఖ్య కారణం. 2017లో ఎలుక యూసీపీ1ను క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో పందుల్లో చేర్చి, చలిలో ఉంచి చూస్తే అవి ఒంటి ఉష్ణోగ్రతను మెరుగ్గా నిలుపుకున్నాయి. డీఎన్‌ఏ అక్షరాల వరుస (శ్రేణి) చూసి వేసిన అంచనా అలా కొలతతో నిలబడింది.

అయితే 'లేదు' అని తేల్చడంలో తొందర పనికిరాదు. పక్షుల్లో లెప్టిన్ (ఆకలిని అదుపు చేసే హార్మోన్) జన్యువు లేదేమోనని చాలాకాలం వాదించుకున్నారు. ఈ జన్యువులా డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాలు మరీ ఎక్కువున్న భాగాలను షార్ట్ రీడ్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చదివే పద్ధతి) సరిగా పట్టుకోలేదు. 2014 నుంచి ఒక్కో పక్షిలో అది బయటపడుతూ వచ్చింది. కాబట్టి అసెంబ్లీలో (ముక్కలన్నీ అతికించి కట్టిన జీనోమ్‌లో) కనబడకపోతే ముడి రీడ్లలో, అంటే చదివిన అసలు ముక్కల్లో వెతకండి, ఇరుగుపొరుగు జన్యువుల వరుస సరిచూడండి, వీలైతే లాంగ్ రీడ్లు (పొడవాటి ముక్కల చదువు) తీయించండి.

అపోహ: ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) రెట్టింపైతే పని కూడా రెట్టింపైనట్టే. మారకపోతే ఏమీ జరగనట్టే.

వాస్తవం: 2011లో ఎలుక కణాల్లో కొలిచినప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏ అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) మధ్యస్థంగా 9 గంటలు, ప్రొటీన్లది 46 గంటలు వచ్చింది. అంటే ఒకే గంటలో తీసిన నమూనాలో ఈ రెండూ ఏకీభవించాలని లేదు.

రెయిన్‌బో ట్రౌట్ చేప మొప్పల్లో ఉప్పును నెట్టే సోడియం-పొటాషియం ఏటీపేజ్ అనే ఎంజైమ్ దీనికి మంచి ఉదాహరణ. చేపను మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్లకు మారిస్తే దాని రెండు రూపాల్లో ఆల్ఫా 1ఏ ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది, ఆల్ఫా 1బీ పెరుగుతుంది. క్యూపీసీఆర్‌లో (సైకిళ్లవారీగా నకళ్లు పెంచి ఎంఆర్‌ఎన్‌ఏను కొలిచే పద్ధతి) రెంటికీ అతుక్కునే ప్రైమర్ (నకలు మొదలయ్యే చోటును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) వాడితే యంత్రం చూపేది మొత్తం కూడిక. పెరుగుదల, తగ్గుదల చెల్లుకు చెల్లైపోయి 'మార్పు లేదు' అని రాసేస్తారు. ప్రైమర్ 3 ప్రైమ్ కొన రెండు రూపాలకూ తేడా ఉన్న అక్షరం మీద పడేలా రాసుకోవాలి. మెల్ట్ కర్వ్‌లో (వేడి చేస్తూ డీఎన్‌ఏ పోగులు విడిపోవడాన్ని చూపే గీతలో) ఒకే శిఖరం వచ్చిందని ధీమా పడొద్దు, ఇంత దగ్గరి శ్రేణులు దాదాపు ఒకే ఉష్ణోగ్రత దగ్గర విడిపోతాయి. ఉత్పత్తిని సాంగర్ సీక్వెన్సింగ్‌కు (అక్షరాల వరుస చదివే పరీక్షకు) పంపితేనే ఖాయం.

దాంతో పాటు ఎంజైమ్ పనిని కూడా కొలవాలి. మొప్ప రుబ్బును ఔబెయిన్ (ఈ ఎంజైమ్‌ను ఆపే పదార్థం) కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి నడిపి, ఎంజైమ్ పనికి తగ్గట్టు ఖర్చయ్యే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు 340 నానోమీటర్ల కాంతి దగ్గర తగ్గే వేగాల మధ్య తేడా తీయాలి. అదే చేప రక్తంలో ప్లాస్మా సోడియం కూడా చూస్తే, చేప నిజంగా ఉప్పును తట్టుకుంటోందో లేదో తెలుస్తుంది.

అపోహ: క్యూపీసీఆర్‌లో మిగతా జన్యువులను పోల్చే రిఫరెన్స్ జన్యువుగా జీఏపీడీహెచ్ ఎప్పుడైనా సరిపోతుంది.

వాస్తవం: ఆక్సిజన్ తగ్గించే ప్రయోగాల్లో దీన్ని వాడటం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆక్సిజన్ తగ్గితే హిఫ్-1 అనే ప్రొటీన్ గ్లైకాలిసిస్ (గ్లూకోజ్‌ను విడగొట్టే ప్రక్రియ) జన్యువులను పెంచుతుంది, జీఏపీడీహెచ్ వాటిలో ఒకటి. రిఫరెన్స్ ఒక్క సైకిల్ అటో ఇటో మారినా జవాబు రెట్టింపు తేడాతో తప్పుతుంది. ఐదారు జన్యువులను మీ నమూనాల మీదే పరీక్షించి, నిలకడగా ఉన్న రెండు మూడింటి జ్యామితీయ సగటు తీసుకోండి. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసే గీత) వాలు మైనస్ 3.6, మైనస్ 3.1 మధ్య ఉండాలి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని ట్యూబులో సంకేతం కనబడితే జీనోమిక్ డీఎన్‌ఏ కలిసినట్టే.

అసలు చాలా ప్రయోగాలు అంతకుముందే, కణజాలం కోసే బల్ల దగ్గరే చెడిపోతాయి. ఆర్‌ఎన్‌ఏలేటర్‌లో (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా ఉంచే ద్రవం) వేసే ముక్క ఏదో ఒక వైపైనా 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, ద్రవం దానికి కనీసం 5 రెట్లు ఉండాలి. 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి నాననిచ్చాకే మైనస్ 80కి మార్చాలి. నేరుగా గడ్డకట్టిస్తే ద్రవం లోపలిదాకా దిగదు, నడిమి భాగంలో ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతుంది.

అపోహ: జంతువులు తక్కువైతే రీడ్లు పెంచితే సరి.

వాస్తవం: ఒకే చేప నుంచి మూడు ట్యూబులు తీస్తే ఎన్ విలువ (లెక్కకు వచ్చే జంతువుల సంఖ్య) ఒకటే. నమూనాకు 2-3 కోట్ల రీడ్లు దాటాక, ఆ డబ్బును అదనపు జంతువుల మీద పెట్టడమే మేలు. గుంపుకు 3 కనీసం, 6 అయితే నిశ్చింత. కంట్రోల్ నమూనాలన్నీ సోమవారం, ప్రయోగ నమూనాలన్నీ మంగళవారం తీయొద్దు, తర్వాత ఏ గణాంక పద్ధతీ రోజు తెచ్చిన తేడాను, ప్రయోగం తెచ్చిన తేడాను విడదీయలేదు.

అపోహ: జన్యువును తీసేసినా జంతువు బాగానే ఉంటే దానితో పని లేనట్టే.

వాస్తవం: 1998లో మయోగ్లోబిన్ (కండరంలో ఆక్సిజన్‌ను పట్టే ప్రొటీన్) జన్యువు తీసేసిన ఎలుకలు మామూలుగానే పరుగెత్తాయి. తర్వాత గుండెను చూస్తే కేశనాళికలు దట్టంగా ఉన్నాయి, కరోనరీ రక్త ప్రవాహం పెరిగి ఉంది. హిమోగ్లోబిన్ లేని అంటార్కిటికా ఐస్‌ఫిష్‌లోనూ పెద్ద గుండె, ఎక్కువ రక్తం ఆ లోటును కొంత పూడుస్తాయి. అందుకే నాకౌట్‌లో (జన్యువు తీసేసిన జంతువులో) 'తేడా లేదు' అని రాసేముందు కేశనాళికల సాంద్రత, గుండె బరువు, రక్త ప్రవాహం కొలవాలి. పెరిగే దశలోనే ఒళ్లు సర్దుకుపోయిందన్న అనుమానం ఉంటే, పెద్దయ్యాక మాత్రమే జన్యువును ఆపగలిగే కండిషనల్ నాకౌట్ ఎంచుకోవాలి.