సెర్న్ డేటా ఎన్నో దేశాలకు ఎందుకు పంచారు?

జెనీవా శివార్లలోని యూరప్ కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో, కణాలను ఢీకొట్టించే లార్జ్ హాడ్రన్ కొలైడర్ అనే భారీ యంత్రం నడుస్తున్నంతసేపూ ప్రోటాన్ గుంపులు సెకనుకు దాదాపు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. ఆ ఢీకొట్టుళ్ల డేటా అంతా దాచి ఉంచడం ఎవరి తరమూ కాదు. ట్రిగ్గర్ అనే వ్యవస్థ పెద్ద ప్రయోగాల్లో సెకనుకు కొన్ని వేల సంఘటనల (ఢీకొట్టుళ్ల) డేటా ఉంచుకుని, మిగతావి అక్కడికక్కడే వదిలేస్తుంది. ఒకసారి పోయింది మళ్లీ రాదు. అయినా మిగిలేదే కొండంత.

ఒకప్పుడు ఈ తలనొప్పి లేదు. 1960ల్లో బబుల్ ఛాంబర్ (కణం వెళ్లిన దారిలో బుడగలు కనిపించే ద్రవపు తొట్టి) ఫొటోలను బల్ల మీద పెద్దగా చేసి, కణాల గీతలను మనుషులే కొలిచేవారు. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. 1968లో సెర్న్ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ షార్పాక్ తీగలతో కణాలను పసిగట్టే డిటెక్టర్ తెచ్చాక సంకేతాలు నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్లసాగాయి. డేటా వరద అక్కడే మొదలైంది.

1990ల చివర కొలైడర్ అవసరాలకు లెక్కలు కడితే, సెర్న్ ఒక్కటే భరించలేదని తేలింది. కంప్యూటర్లను దేశాలకు పంచేద్దామన్నారు. దీన్ని సాంకేతిక విజయంగానే చెబుతారు గానీ, నా లెక్కలో ఇందులో డబ్బు పాత్ర కూడా తక్కువేం కాదు. ఏ ప్రభుత్వమైనా తన సొమ్ము తన దేశంలోనే, తన ల్యాబ్‌ల మీదే ఖర్చవ్వాలని కోరుకుంటుంది కదా! 2001లో సెర్న్ కౌన్సిల్, వేర్వేరు దేశాల కంప్యూటర్లను ఒకటిగా కలిపే గ్రిడ్ ప్రాజెక్టును ఆమోదించింది. ముడి డేటా ఒక ప్రతి సెర్న్‌లో, రెండోది టియర్-1 అనే పెద్ద కంప్యూటర్ కేంద్రాల్లో ఉంటుంది. విశ్లేషణ, సిమ్యులేషన్ ఎక్కువగా వాటి తర్వాతి మెట్టులోని టియర్-2ల పని. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ సీఎంఎస్ ప్రయోగానికి, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం ఆలిస్‌కు అలాంటి టియర్-2లే; ఆ రెండూ కొలైడర్ మీది ప్రయోగాలు.

ముడి డేటా ఇప్పటికీ చేరేది అయస్కాంత టేపు మీదకే. క్యాసెట్లతోపాటే టేపు కూడా పోయిందనుకుంటాం. కానీ బీరువాల్లాంటి అరల్లో వరుసగా పేర్చిన కాట్రిడ్జ్‌లను రోబో చెయ్యి వెతికి తీసి డ్రైవ్‌లో పెడుతుంది. వాడనప్పుడు కాట్రిడ్జ్‌కు కరెంటు అక్కర్లేదు, డిస్క్‌ కంటే ఖర్చూ తక్కువ.

2012 జూలై 4న హిగ్స్ కణం దొరికిందన్న ప్రకటన వేళ, సెర్న్ అప్పటి డైరెక్టర్ జనరల్ రోల్ఫ్ హోయర్ యంత్రంతో, ప్రయోగాలతో సమానంగా గ్రిడ్‌కూ ఘనత ఇచ్చారు.

2030 ప్రాంతంలో మొదలయ్యే, ఢీకొట్టుళ్లు బాగా పెరిగే హై-లుమినాసిటీ దశలో డేటా ఎన్నో రెట్లు పెరుగుతుంది, బడ్జెట్ మాత్రం అలా పెరగదు. అందుకే చూపు ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే జీపీయూ (గ్రాఫిక్స్) చిప్పుల వైపు మళ్లింది. కొలైడర్ మీదే ఉన్న ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం 2022 నుంచి తన మొదటి దశ వడపోతను పూర్తిగా వాటి మీదే నడుపుతోంది. చిప్పులైతే కొనొచ్చు. ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయిన విద్యార్థులు రాసిన సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను జీపీయూలకు తగ్గట్టు తిరగరాసేదెవరు? రెండేళ్లు ఆ పనిలో గడిపిన ఫిజిక్స్ కుర్రాడికి రేపు ప్రొఫెసర్ ఉద్యోగం ఇచ్చేవాళ్లు అరుదు.