మిద్దె మీద మిరప: గింజ గుణం, కుండీ పోషణ గురించిన అపోహలు - వాస్తవాలు

పదేళ్లకు పైగా మిద్దె మీద కుండీల్లో మిరప, టమాటా, సొర పెంచుతున్నాను. అందులో ఆరేళ్లుగా రెండు మిరప రకాలను సంకరపరచి, వాటి సంతానంలో నచ్చిన మొక్కలను తరం వెంట తరం ఏరుకుంటూ వస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారి సందేహాలు విన్నప్పుడల్లా నాకు కనిపించేది ఒక్కటే: గింజతో వచ్చిన గుణాన్ని ఎరువుతో మార్చాలని చూస్తున్నారు, నీళ్ల వల్ల వచ్చిన లోపానికి గింజను తప్పుపడుతున్నారు.

అపోహ: కారం మిరప పక్కన పెడితే కాప్సికం కూడా కారంగా కాస్తుంది.

ఈ ఏడాది కాయ మారదు. మనం తినే కాయ కండ, దాని లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగం తల్లి మొక్కవే కాబట్టి, పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా వాటి రుచి తల్లి రుచిగానే ఉంటుంది. కారాన్నిచ్చే కాప్సైసిన్ తయారయ్యేది కూడా ఆ తెల్లని భాగంలోనే. గింజల్లో కారం ఉంటుందనుకోవటం మరొక అపోహ, వాటికి తగిలేది పక్కనున్న కారమే. పరపరాగ సంపర్కం జరిగి ఉంటే ఆ తేడా గింజ లోపల దాగి, దాన్ని నాటిన తర్వాత వచ్చే మొక్కలో బయటపడుతుంది. మొక్కజొన్నలో మాత్రం మనం తినేది గింజనే కనుక పక్క రకం పుప్పొడి ప్రభావం ఆ పొత్తులోనే కనిపిస్తుంది.

సొర విషయంలో ఈ వాస్తవం ఆరోగ్యానికి సంబంధించినది. తెలిసినవారి తోట నుంచి తెచ్చుకున్న గింజలు ఒక ఏడు నాటితే, తీగ బలంగా పెరిగి కాసిన కాయలన్నీ చేదుగా ఉన్నాయి. చేదు రకంతో సంకరమైన గింజను ఏ ఎరువూ తీపి చేయలేదు. సొరకాయలోని ఆ చేదు పదార్థం వండినా పోదు. వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెస్తుంది. కోసిన వెంటనే చిన్న ముక్కను నాలుక కొనకు తగిలించి, చేదనిపిస్తే ఉమ్మేసి కాయను పారేయాలి. రసం తాగేవారు ఈ జాగ్రత్త అసలు మరువకూడదు.

అపోహ: హైబ్రిడ్ గింజ అంటే జన్యుమార్పిడి గింజ, దాని నుంచి తీసిన విత్తనం మొలవదు.

రెండూ తప్పే. రెండు తల్లిదండ్రుల రకాలను చేతితో కలిపితే వచ్చే మొదటి తరమే హైబ్రిడ్. ప్రయోగశాలలో మరో జీవి జన్యువును చొప్పించి చేసే జన్యుమార్పిడి వేరు. అలాంటి వంకాయపై మన దేశం 2010 ఫిబ్రవరిలో విధించిన నిషేధం నేటికీ ఉంది. రైతులు వ్యాపారస్థాయిలో పండిస్తున్న జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ టమాటా హైబ్రిడ్, అంతే. దాని గింజలు చక్కగా మొలుస్తాయి, కానీ పిల్లలన్నీ తల్లిలా ఉండవు. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ-334 మిరప వంటి సూటి రకాలైతే (హైబ్రిడ్ కాని, తరతరానికీ ఒకేలా వచ్చేవి), పూలకు పలుచని సంచి కట్టి పక్క పుప్పొడి తగలకుండా చూసుకుంటే అదే రకం మళ్లీ వస్తుంది.

అపోహ: ఒకసారి సంకరపరిస్తే కొత్త రకం సిద్ధమవుతుంది.

కలపటం తేలికే. సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే తెల్లని మొగ్గను ఎంచుకుని, రేకులను పట్టకారుతో మెల్లగా తొలగిస్తే మధ్యలో కీలం (పువ్వు ఆడ భాగం), దాని చుట్టూ నీలిరంగు పరాగకోశాలు (పుప్పొడి తిత్తులు) కనిపిస్తాయి. అవి పగలకముందే ఒక్కటీ మిగలకుండా తీసేసి సంచి కట్టాలి. మర్నాడు ఉదయం తండ్రి మొక్క పూల నుంచి పుప్పొడి తెచ్చి కీలాగ్రానికి అద్ది, కాడకు రంగు దారం కట్టి, తేదీ రాసుకోవాలి.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. మిరపలో వేలాడే కాయ గుణం, ఎర్ర రంగు బలమైనవి, అంటే సంకరంలో అవే పైకి కనిపిస్తాయి. ఆకాశం వైపు నిలబడే కాయ గుణం, పసుపు రంగు బలహీనమైనవి, వాటి చాటున దాగిపోతాయి. నిలబడే పసుపు కాయ కావాలని, నిలబడే ఎర్ర కాయల మొక్కను వేలాడే పసుపు కాయల మొక్కతో కలిపాను. మొదటి తరం మొత్తం వేలాడే ఎర్ర కాయలే కాయగా, ప్రయోగం చెడిందనుకుని నాలుగింటిలో మూడు మొక్కలు పీకేశాను. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీల్లో చూపినట్లు, దాగిన గుణాలు రెండో తరంలో తిరిగి వస్తాయి: రెండూ కలిసిన మొక్క 16కు ఒకటి చొప్పున. కనీసం ఒక్కటైనా దొరుకుతుందని 95 శాతం ధీమా కావాలంటే 47 మొక్కలు పెంచాలి. ఆ తర్వాత కూడా మిగతా గుణాలు చెదురుతూనే ఉంటాయి. స్వపరాగ సంపర్కం (మొక్క సొంత పుప్పొడితోనే కాయ కట్టటం) చేయించిన ప్రతి తరానికీ జన్యువుల్లోని మిశ్రమం సగమవుతుంది: రెండో తరంలో 50 శాతం, మూడులో 25, ఆరో తరానికి సుమారు 3. ఏడాదికి ఒక పంట తీస్తే ఇది ఏళ్ల పని, మిద్దె మీద చోటు తక్కువైతే మరింత ఓర్పు కావాలి.

అపోహ: టమాటా అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు గానీ ఎప్సమ్ సాల్ట్ గానీ వేయాలి.

కాయ అడుగు కుళ్లు కాల్షియం అందకపోవటం వల్లనే వస్తుంది, కానీ చాలాసార్లు కుండీలో కాల్షియం ఉంటుంది. అది నీటితోపాటే వేరు నుంచి పైకి ప్రయాణిస్తుంది, ఎక్కువ నీరు ఆవిరి చేసే ఆకులు దాన్ని ముందు లాగేసుకుంటాయి, కాయకు తక్కువ చేరుతుంది. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచితే ఆ కొద్దిపాటి సరఫరా కూడా తెగిపోతుంది. గుడ్డు పెంకు కరగటానికి చాలా కాలం పడుతుంది. ఎప్సమ్ సాల్ట్‌లో కాల్షియం లేనే లేదు, ఉన్నది మెగ్నీషియం, గంధకం. ఆ మెగ్నీషియం వేరు దగ్గర కాల్షియంతో పోటీపడి కుళ్లును పెంచగలదు. ఎండుటాకులు పరిచి తేమ నిలకడగా ఉంచటం, యూరియా తగ్గించటం మొదట చేయాలి.

అపోహ: ఆకు పసుపైతే నత్రజని లోపమే.

ఏ ఆకు పసుపైందో చూడాలి. నత్రజని మొక్కలో కదలగలదు కనుక అది తగ్గితే కింది ముదురాకులు ముందు పాలిపోతాయి. ఇనుము కదలదు కనుక లేత ఆకులే పసుపై, ఈనెలు పచ్చగా మిగులుతాయి. బోరు నీటిలోని బైకార్బనేట్ల వల్ల కుండీ మట్టి క్షారగుణానికి మళ్లినప్పుడు ఇనుము ఉన్నా వేరుకు అందదు, అప్పుడు యూరియా వేస్తే ప్రయోజనం ఉండదు. వాన నీరు పట్టి పోయగలిగితే అంతకన్నా మంచి మందు లేదు. కుండీ అంచున తెల్లని పొర, ఆకు కొనలు మాడటం కనిపిస్తే లవణాలు పేరుకున్నాయని అర్థం. ఎరువు ఆపి, అడుగు నుంచి బాగా కారేదాకా మంచి నీరు పోయాలి.

అపోహ: మిరప ఆకు ముడుచుకుంటే బలం చాలక.

పైకి ముడిస్తే సాధారణంగా తామర పురుగులు, కిందికి ముడిస్తే నల్లి (ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు) కారణం. ఆకును తిప్పి భూతద్దంతో చూడకుండా ఎరువు వేయకూడదు. చిన్నగా, గిడసబారి, గుత్తులుగా వచ్చే ఆకులైతే తెల్లదోమ తెచ్చే వైరస్‌ను అనుమానించాలి, దానికి మందు లేదు. నా మూడో తరంలో నిలబడే పసుపు కాయలు కాసిన అందమైన మొక్కకు ఇదే తెగులు వచ్చింది. పక్క కుండీలకు పాకకముందే దాన్ని పీకి సంచిలో మూటకట్టి తీసేశాను, దాని తోబుట్టువు గింజలతో నాలుగో తరం మొదలుపెట్టాను.