ఏటి సాక్ష్యం: సీసా, చీటీ, బత్తాయి

"మా ఏరు కంపు కొడుతోంది, చేపలు చచ్చి తేలుతున్నాయి" అని అర్జీ పెట్టుకున్న ఊళ్లకు తరచూ వచ్చే జవాబు ఒకటుంది: నమూనా తీశాం, ప్రమాణాలకు లోబడే ఉంది. ఊరివాళ్లకు ఒళ్లు మండుతుంది. అయితే ఆ జవాబు అబద్ధమే కానక్కర్లేదు. అధికారి జీపు దిగింది మధ్యాహ్నం రెండింటికి. చేపలు చచ్చింది తెల్లవారుజామున నాలుగింటికి.

మురుగుతో పాటు నత్రజని, భాస్వరం దండిగా వచ్చిపడతాయి కాబట్టి నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండలో ఆ నాచే నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయ్యాక అదే నాచు, మురుగును తినే బాక్టీరియా కలిసి ఉన్న ఆక్సిజన్ అంతా పీల్చేస్తాయి. 30 డిగ్రీల వేడిలో నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. నాచు పట్టిన మడుగు మధ్యాహ్నం పది మిల్లీగ్రాములకు పైన చూపించి, కోడి కూసే వేళకు రెండుకు పడిపోవచ్చు. ఎప్పుడు తీశారో చెప్పని ఆక్సిజన్ లెక్కకు అందుకే విలువ లేదు.

నదుల కోసం రాష్ట్రమంతా కలిసి పనిచేయాలంటే ముందు ఊరేగింపులూ, మానవహారాలూ గుర్తొస్తాయి. వాటి పని వాటిది. కానీ ఎగువ ఊరి లెక్క పక్కన దిగువ ఊరి లెక్క పెట్టి చూడగలిగినప్పుడే అర్జీకి బలం వస్తుంది. ఇద్దరూ ఒకే పద్ధతిలో, ఒకే వేళకు కొలిస్తేనే అది కుదురుతుంది.

మూసీని తీసుకుందాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తమ్మీద 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. వాటిలో తెలంగాణవి ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌వి ఐదు. మూసీ మొదటి వరుసలో ఉంది. అంటే అక్కడ బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటిందన్నమాట. నీళ్లలోని కుళ్లును తినడానికి బాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత బీవోడీ. మన దేశంలో దీన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పెట్టి చూస్తారు. స్నానానికి పనికొచ్చే నీటిలో ఇది 3 మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 5కు తగ్గకూడదు.

హైదరాబాద్ దాటాక మూసీకి అడ్డంగా కత్వలు వరసగా వస్తాయి. పంటకాలువలకు నీళ్లు మళ్లించడానికి కట్టిన ఈ చిన్న ఆనకట్టలు తెలియకుండానే శుద్ధి కేంద్రం పని చేస్తున్నాయి. కత్వ వెనక నీళ్లు నిలిచినప్పుడు మడ్డి అడుగుకు దిగుతుంది, కత్వ మీదుగా దూకినప్పుడు గాలి కలుస్తుంది. నీళ్లతో పాటు సబ్బుల అవశేషాలూ దూకుతాయి కాబట్టే అక్కడ తెల్లటి నురగ గుట్టలు లేస్తాయి. నురగ చూసి కత్వే పాపం చేసినట్టు ఫొటోలు తీస్తుంటారు కానీ తప్పు ఎగువ నుంచి వస్తోంది. దిగువకు పోయే కొద్దీ బీవోడీ తగ్గుతుంది. ఉప్పు మాత్రం తగ్గదు. పొలాల్లో పారి, ఆవిరై, మిగిలి తిరిగి ఏట్లో పడిన నీళ్లు ఉప్పును ఇంకా పెంచుతాయి. కాబట్టి "నది తనను తానే శుభ్రం చేసుకుంటుంది" అన్న మాట కుళ్లు విషయంలో సగం నిజం, ఉప్పు విషయంలో పూర్తిగా తప్పు. నీళ్లలో ఉప్పు పెరిగే కొద్దీ కరెంటును మోసే గుణం, అంటే విద్యుత్ వాహకత, పెరుగుతుంది. దిగువ ఊళ్లు దాన్ని కొలవాల్సింది ఇందుకే. అరచేతిలో పట్టే మీటరు చాలు. సాగునీటికి పరిమితి 2250 మైక్రోసీమెన్స్. మీటరును ప్రతిసారీ 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూసుకోకపోతే ఆ అంకె చిలకజోస్యమే.

ఇక సీసా సంగతి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ప్రతి మురుగు కాలువకూ కనీసం మూడు చోట్లు కావాలి: అది కలవక ముందు ఏట్లో ఒకటి, కాలువలోనే ఒకటి, కలిశాక దిగువన ఒకటి. దిగువ చోటు ఎంచడంలో తొందరపడితే మోసపోతాం. కాలువ నీళ్లు చాలాదూరం ఒడ్డునే పట్టుకుని పారతాయి. వెడల్పాటి ఏట్లో పూర్తిగా కలవడానికి కిలోమీటర్లు పట్టొచ్చు. ఎడమ ఒడ్డున, నడుమ, కుడి ఒడ్డున వాహకత కొలిచి, మూడు అంకెలూ దగ్గరగా వచ్చిన చోటే నమూనా తీయాలి. నీళ్లలోకి దిగితే దిగువ నుంచి ఎగువకు నడవాలి, లేకపోతే కాళ్ల కింద లేచిన బురదే సీసాలోకి వస్తుంది. సీసా మూతి ప్రవాహానికి ఎదురుగా, సుమారు 30 సెంటీమీటర్ల లోతున ఉండాలి. మామూలు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. బాక్టీరియా పరీక్షకు ఇచ్చిన శుద్ధి చేసిన సీసాను మాత్రం కడగకూడదు.

కరిగిన ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతి పాతదే, నమ్మదగ్గదే. 300 మిల్లీలీటర్ల గాజు సీసా అడుగుదాకా రబ్బరు గొట్టం దించి, సీసా పట్టే నీళ్లకు రెండు మూడింతలు పొర్లిపోయేదాకా నింపాలి. ఒక్క గాలిబుడగ మిగిలినా లెక్క పెరుగుతుంది. ద్రావణం కొలిచి వేసే సన్నగొట్టం (పిపెట్) మొన నీటిలో ముంచి మాంగనస్ సల్ఫేట్ 2 మిల్లీలీటర్లు, క్షార అయొడైడ్ అజైడ్ 2 మిల్లీలీటర్లు వేసి, మూత బిగించి తిరగేసి కలిపితే అడుగున మడ్డి దిగుతుంది. అది గోధుమ రంగులో ఉంటే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే పరీక్ష ఇది. గ్రామసభలో అంకెల కన్నా ఈ రెండు సీసాలు పక్కపక్కన పెట్టడమే ఎక్కువ పనిచేస్తుంది. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు వేస్తే మడ్డి కరిగి కల్లు ముంత అడుగు రంగు వస్తుంది. అందులో 203 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వదలాలి. లేత పసుపు దగ్గర గంజి ద్రావణం వేస్తే నీలం తిరుగుతుంది. ఆ నీలం పోయేదాకా పట్టిన థయోసల్ఫేట్ ఎన్ని మిల్లీలీటర్లో, ఆక్సిజన్ లీటరుకు అన్ని మిల్లీగ్రాములు. అజైడ్ విషం, ఆమ్లం ఒళ్లు కాలుస్తుంది. ఒడ్డున మడ్డి కట్టించడం వరకు చేసి, ఆమ్లం నుంచి మిగతా పని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అదే రోజు చేయించడం మేలు. వాడిన ద్రావణాలు డబ్బాలో పట్టి అక్కడే అప్పగించాలి. ఏటిని కాపాడబోయి ఏట్లోనే ఒంపేసిన బృందాలు లేకపోలేదు.

బీవోడీ నమూనాలో మందులేవీ కలపకూడదు. నాలుగు డిగ్రీల చల్లదనంలో, ఐసుపెట్టెలో, అదే రోజు ల్యాబుకు చేరాలి. ఎండలో బస్సు టాపు మీద ప్రయాణం చేసిన సీసాలో బాక్టీరియా దారిలోనే సగం భోజనం ముగిస్తుంది. ల్యాబుకు చేరేసరికి ఏరు ఉన్నదాని కన్నా శుభ్రంగా కనిపిస్తుంది. మన లెక్క మనకే ఎదురు తిరగడమంటే ఇదే.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పి కిట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. వాళ్లకంటే మంచి బృందం దొరకదు. అయితే ఆ కిట్‌తో వచ్చే, నల్లబడితే మలినం ఉన్నట్టు చూపే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా తాగునీటి కోసం. ఏటి నీళ్లు పోస్తే దాదాపు ఎక్కడైనా నల్లబడుతుంది. ఎంత మలినమో చెప్పదు, కాబట్టి ఏటికి పనికిరాదు.

కొలతల్లో చాలామంది వదిలేసేది ప్రవాహం. కాలువలో బీవోడీ 60 అని చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. రోజుకు ఎంత మురుగు అని అడిగితేనే లెక్క తేలుతుంది. దీనికి బత్తాయి కాయ చాలు. నీళ్లలో దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని తోయలేదు. తిన్నగా ఉన్న చోట 10 మీటర్లు కొలిచి గుర్తు పెట్టి, కాయ వదిలి, సెకన్లు లెక్కించాలి. మూడుసార్లు చేసి సగటు తీయాలి. 25 సెకన్లు పట్టిందనుకుందాం: సెకనుకు 0.4 మీటరు. అడుగున నీళ్లు పైకన్నా నెమ్మదిగా పారతాయి కాబట్టి 0.85తో గుణిస్తే 0.34. కాలువ వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 0.3 మీటరు అయితే సెకనుకు 204 లీటర్లు, రోజుకు కోటీ 76 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగు అనుకుంటే, అది సుమారు లక్షా 63 వేల మంది మురుగు. బీవోడీ 60 చొప్పున రోజుకు వెయ్యి కిలోల పైన ఆక్సిజన్‌ను మింగే కుళ్లు. సెకనుకు వెయ్యి లీటర్లు పారే, బీవోడీ 2 మాత్రమే ఉన్న మంచి ఏట్లో ఈ కాలువ కలిస్తే, కలిశాక బీవోడీ 11 దాటుతుంది. పట్టణం శుద్ధి కేంద్రానికి మురుగంతా చేరుతోందని కాగితం చెబుతుంటే, ఈ లెక్క ఆ కాగితం పక్కన పెట్టి చూడాలి.

ఊరి బృందాలకు అందనివీ ఉన్నాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా చూశారు. ఏ ఫీల్డ్ కిట్టూ దాన్ని పట్టుకోలేదు. అలాంటి చోట విశ్వవిద్యాలయాలు, పెద్ద ల్యాబులతో పొత్తు లేకుండా కుదరదు. ఊరివాళ్లు చేయగలిగింది ఏ రాత్రి, ఏ వాగులోకి, ఏ రంగు నీళ్లు వదిలారో రాసి ఉంచడం. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు దశాబ్దాలు నడిచింది. అంతకాలం నిలబడేది జ్ఞాపకం కాదు, రిజిస్టరే.

రైతులకు ఇంత ఓపిక ఎక్కడిది అనేవాళ్లకు జవాబు మన దగ్గరే ఉంది. 2003లో మొదలైన ఏపీఫామ్స్ అనే భూగర్భజల కార్యక్రమంలో ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా ఊళ్ల రైతులు తమ బోర్లలో నీటిమట్టం పదిహేను రోజులకోసారి కొలిచి, రోజూ వాన లెక్క రాసి, ఏ పంటకు ఎన్ని నీళ్లో తామే లెక్కలు కట్టుకున్నారు. పనికొచ్చే లెక్కయితే రైతు రాస్తాడు. ఎవరికో పంపడానికైతే మూడో నెలలోనే ఆపేస్తాడు. అందుకే ఊళ్లో బోర్డు మీద ముందు రాసి, తర్వాతే రాష్ట్రంలోని ఊళ్ల లెక్కలన్నీ కలిపే వేదికకు పంపాలి.

రాష్ట్ర స్థాయి వేదిక చేయాల్సిన పని చిన్నదే, కానీ గట్టిగా చేయాలి. అన్ని నదులకూ ఒకే పట్టిక, ఒకే వేళ. సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ప్రతి పది నమూనాల్లో ఒకటి జంటగా తీసి, చీటీ మీద వేరే నంబరు వేసి, ఏది జంటో ల్యాబుకు చెప్పకుండా పంపాలి. రెండు ఫలితాలకూ తేడా 20 శాతం దాటితే ఆ రోజు లెక్క మొత్తం పక్కన పెట్టాలి. ఇది చేదు మాత్రే. నచ్చిన అంకెలు కూడా పోతాయి. కానీ ఎదుటి పక్షం వకీలు ముందు అడిగేది ఇదే. చీటీ మీద చోటు నంబరు, తేదీ, గంట నిమిషం, నీటి వేడి, తీసినవారి సంతకం, 24 గంటల్లో వాన పడిందా లేదా అన్నది తడికి చెరగని పెన్సిల్‌తో రాయాలి. మత్స్యకార సహకార సంఘాలు, నీటి వినియోగదారుల సంఘాలు, స్వయం సహాయక సంఘాలు ఏటి వెంట ముందే ఉన్నాయి. కొత్త సంఘం పెట్టడం కన్నా వాటికి ఈ పట్టిక ఇవ్వడం తేలిక.

ఇంత చేసినా ఊరివాళ్ల సీసా చట్టం దృష్టిలో నమూనా కాదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి, యజమానికి అక్కడికక్కడే నోటీసిచ్చి, అతని ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు పెట్టించినదే చెల్లుతుంది. మరి మన లెక్క దేనికి? అధికారి ఏ రోజు, ఏ వేళకు, ఏ తూము దగ్గర సీసా ముంచాలో చెప్పడానికి. "మంగళ, శుక్రవారాల్లో తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి మధ్య ఈ నాలాలో వాహకత మూడింతలవుతోంది, ఎనిమిది వారాల లెక్క ఇదిగో" అన్న అర్జీకి మధ్యాహ్నపు తనిఖీతో జవాబు చెప్పడం కష్టం. దానికి తోడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో పరిశ్రమ అనుమతి పత్రం, శుద్ధి కేంద్రం నెలవారీ పరీక్షా ఫలితాలు అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. 2017 నోటిఫికేషన్ ప్రకారం శుద్ధి కేంద్రం వదిలే నీటిలో బీవోడీ మహానగరాల్లో 20, మిగతా చోట్ల 30 మించకూడదు. ప్రతి నెలా సరిగ్గా 19, 19, 19 అని ఉంటే అనుమానించాల్సింది ఆ అంకెలనే.

2018 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశంతో ప్రతి రాష్ట్రంలో నదుల పునరుద్ధరణ కమిటీ ఏర్పడాల్సి వచ్చింది. పర్యావరణం, పట్టణాభివృద్ధి, పరిశ్రమల శాఖల డైరెక్టర్లు, కాలుష్య నియంత్రణ మండలి సభ్యకార్యదర్శి అందులో ఉంటారు. ఒక్కో కలుషిత భాగానికి కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. మన పట్టికను ఆ ప్రణాళికలోని వరసలోనే, అదే చోట్ల పేర్లతో పంపితే కమిటీ దాన్ని పక్కన పడేయడానికి సాకు తగ్గుతుంది.

అక్కడా పని కాకపోతే ట్రిబ్యునలే దిక్కు. తెలుగు రాష్ట్రాలకు చెన్నైలోని దక్షిణ ధర్మాసనం. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. సాక్ష్య చట్టం నియమాలకు ట్రిబ్యునల్ కట్టుబడి ఉండక్కర్లేదు కాబట్టి ఊరి రిజిస్టరును కూడా చూస్తుంది. తరచూ సంయుక్త కమిటీని వేసి కొత్తగా నమూనాలు తీయిస్తుంది. కానీ ఫిర్యాదుకు కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోపే దరఖాస్తు పెట్టాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు. ఆ మొదటి రోజు ఏదని ఎదుటి పక్షం వాదించేటప్పుడు చూపించేది కూడా మనం తేదీ, గంట వేసి జాగ్రత్తగా రాసుకున్న ఆ రిజిస్టరులోని మొదటి పేజీనే. ఎనిమిది వారాల లెక్క చేతికి రాగానే వకీలును కలవాలి, ఎనభై వారాలు ఆగకూడదు.