ప్లాంట్ రెడీ, లైన్ ఏది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. "సార్, ప్యానెళ్లన్నీ బిగించేశాం, ఇన్వర్టర్ల టెస్టింగ్ కూడా అయిపోయింది. లైన్ ఎప్పుడిస్తారు?" గొంతులో కోపం కంటే టెన్షనే ఎక్కువ. అప్పు వాయిదాలు మొదలయ్యే తేదీ దగ్గరకొచ్చేసింది మరి. ట్రాన్స్‌మిషన్ ప్లానింగ్‌లో, అంటే ప్లాంట్ల నుంచి ఊళ్లకి కరెంటు మోసే పెద్ద లైన్లు ఎక్కడ, ఎప్పుడు వెయ్యాలో చూసే పనిలో ఉన్నవాళ్లకి ఈ ఫోన్ కొత్త కాదు. చేసే మనిషి మారతాడు, ప్రశ్న మారదు. ఆయన్ని తప్పుపట్టాలని కూడా నాకనిపించదు. ఆయనకి ఎవరో చెప్పారు, ఆ చెప్పినాయనకి ఇంకెవరో చెప్పారు: "ముందు ప్లాంట్ కట్టెయ్యి, కరెంటు సిద్ధంగా ఉంటే లైన్ వెయ్యక ఏం చేస్తారు?"

ఈ రంగంలో ఇంతకంటే ఖరీదైన మాట నేను వినలేదు.

అపోహ: ప్లాంట్ కడితే లైన్ దాని వెనకాలే వస్తుంది

రాదు. వచ్చినా మీ టైముకి రాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో గ్రిడ్ల మీద ఇచ్చిన నివేదికలో లెక్క ఇలా ఉంది: సోలార్, విండ్ ప్రాజెక్టులకి 1 నుంచి 5 ఏళ్లు పడితే, కొత్త గ్రిడ్ నిర్మాణానికి 5 నుంచి 15 ఏళ్లు. జర్మనీలో ఉత్తరాది గాలి కరెంటుని దక్షిణాదికి తెచ్చే సూడ్‌లింక్ లైన్ పొడవు 700 కిలోమీటర్లు. మొదట 2022కల్లా పూర్తి చేస్తామన్నారు. టవర్లు వద్దని గొడవలయ్యాయి, భూగర్భ కేబుల్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో చట్టం చేశారు, రూటంతా మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు 2028 అంటున్నారు. డబ్బు లేకనో, ఇంజనీర్లు చేతకాకనో జరిగిన ఆలస్యం కాదిది.

ఇంకో తేడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. సోలార్ ప్లాంట్ సగం కట్టినా సగం కరెంటు ఇస్తుంది. లైన్ 99 శాతం కట్టినా సున్నా.

నేను చూసిన ఒక లైన్‌లో 212 టవర్లు. అందులో 87వ నంబరు ఒక్కటే లేవలేదు. 86 దగ్గర ఒకవైపు ఇన్సులేటర్లు ఊరికే వేలాడుతున్నాయి. 88 పక్కన లైన్ తీగ చుట్టిన చెక్క డ్రమ్ము పడి ఉంది, దాని చక్కల సందుల్లోంచి గడ్డి మొలిచింది. పోనీ పొలం యజమాని మొండివాడా అంటే, అదీ కాదు. అన్నదమ్ముల వాటాలు తేలకముందే పరిహారం ఒకరి పేరున వెళ్లిపోయింది, రెండో ఆయన కోర్టుకెళ్లాడు. ఆయన స్థానంలో నేనున్నా వెళ్లేవాణ్ణే. పద్నాలుగు నెలలు గడిచాక చివరికి రూటు కాస్త పక్కకి జరిపి, లైన్ మలుపు తిరిగేచోట పెట్టే యాంగిల్ టవర్లు అదనంగా వేసి గట్టెక్కాం. ఆ పద్నాలుగు నెలలూ అవతల ప్లాంటు ఎండలో మెరుస్తూ కూర్చుంది.

అలా కూర్చుంటే ఎంత పోతుందో లెక్కేసుకోండి. పూర్తి సామర్థ్యంలో సగటున 25 శాతం ఇచ్చే 1,000 మెగావాట్ల ప్లాంటు ఏడాదికి దాదాపు 219 కోట్ల యూనిట్లు ఇవ్వాలి. ఏడాది ఆలస్యమైతే అవి పోయినట్టే. ఇవాళ్టి ఎండని వచ్చే ఏడాది వాడుకోలేం కదా.

"సరే, అయితే లైనే ముందు వెయ్యండి" అంటారు. ఇక్కడే అసలు పీటముడి. లైన్ వేసేవాళ్లు "ప్లాంట్లు వస్తాయన్న గ్యారంటీ ఏది?" అంటారు. ప్లాంటుకి అప్పిచ్చేవాళ్లు "లైన్ వస్తుందన్న గ్యారంటీ ఏది?" అంటారు. ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు. ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఇద్దరూ ఆగిపోతారు, లేదా తొందరపడ్డవాడు మునుగుతాడు.

ఈ ముడిని టెక్సాస్ విప్పిన తీరు నాకు నచ్చుతుంది. 2005లో చట్టం చేసి, గాలి బాగా ఉన్న ప్రాంతాలని ముందే జోన్లుగా గుర్తించారు. ఒక్కో ప్లాంటు దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా జోన్ మొత్తానికీ కలిపి లైన్లు ప్లాన్ చేశారు. ఊహాగానాల మీద ఆధారపడకుండా డెవలపర్ల నుంచి ఆర్థిక హామీలు చూశారు. లైన్ల ఖర్చుని వినియోగదారులందరి మీదా పరిచారు. సుమారు 3,600 మైళ్ల 345 కేవీ (కిలోవోల్టుల) లైన్లు, 18,500 మెగావాట్లు మోసే సామర్థ్యం, దాదాపు 700 కోట్ల డాలర్ల ఖర్చు. 2009లో అక్కడ 17 శాతం గాలి కరెంటుని వాడుకోలేక వదిలేశారు. లైన్లు పూర్తయ్యాక 2014లో అది అర శాతానికి పడిపోయింది. తర్వాత ఇంకా ప్లాంట్లు వచ్చి చేరాయి, ఈ కోత (తయారయ్యే కరెంటుని వాడుకోలేక వదిలేయడం) మళ్లీ పెరిగింది. "ఖాళీగా పడి ఉంటాయి" అని అప్పట్లో భయపడ్డ లైన్ల సంగతి అదీ.

చైనాలో ఇందుకు తిరగేసి జరిగింది. గాన్సు రాష్ట్రంలో టర్బైన్లు ముందు లేచాయి. 2016లో అక్కడి గాలి కరెంటులో 43 శాతం వృథా. 2017లో అక్కణ్ణుంచి హునాన్‌కి 8,000 మెగావాట్ల హెచ్‌వీడీసీ లైన్ (దూరాలకి డీసీ కరెంటుని ఎక్కువ వోల్టేజ్‌లో పంపే లైన్) వేశారు. తీరా చూస్తే మొదటి ఏళ్లలో అది పూర్తి సామర్థ్యంతో నడవలేకపోయింది, దించుకునే వైపు గ్రిడ్‌కి అంత బలం లేక. అందుకే లైన్‌కి రెండు చివరలుంటాయని మా కుర్రాళ్లకి పదేపదే చెబుతుంటాను, విసుక్కున్నా సరే.

అపోహ: ప్లాంట్ ఎన్ని మెగావాట్లో లైన్ కూడా అన్ని మెగావాట్లు ఉండాలి

అక్కర్లేదు. సోలార్ పూర్తి స్థాయికి చేరేది రోజులో కాసేపే. గాలి చాలాచోట్ల రాత్రిపూట ఎక్కువ. రెండూ ఒకే లైన్ పంచుకుంటే లైన్‌కి పని దొరుకుతుంది. ఏడాదిలో ఏ కొద్ది గంటలో వచ్చే ఆ చివరి మెగావాట్ కోసం లైన్ కడితే దండగ ఖర్చు. కాబట్టి కొద్దిపాటి కోత మోసం కాదు, ప్లానింగ్‌లో భాగమే. ముప్పై, నలభై శాతమైతే మాత్రం గట్టిగా అడగండి, అడగాలి కూడా.

అపోహ: లైన్ ఉంటే చాలు, దాని మీద కరెంటు ఎంతైనా పంపొచ్చు

వెయ్యి మెగావాట్ల సర్క్యూట్లు (విడివిడిగా కరెంటు మోసే తీగల వరసలు) రెండున్నాయి కదా, రెండు వేలు పంపొచ్చు అనుకుంటారు. ఒకటి ట్రిప్ అయితే రెండోది మొత్తం మోయాలి, కాబట్టి మామూలుగా వెయ్యి దగ్గరే ఆగాలి. దీనికితోడు వోల్టేజ్ సమస్యలు. ఆస్ట్రేలియాలో వెస్ట్ మర్రీ అనే ప్రాంతంలో వోల్టేజ్ ఊగిసలాట భయంతో 2019 సెప్టెంబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా ఐదు సోలార్ ప్లాంట్లని సగానికి తగ్గించి నడిపించారు. లైన్ ఉంది, ఎండ ఉంది, ప్లాంటు ఉంది. గ్రిడ్ బలహీనం. ప్లాంటుని కలిపితే గ్రిడ్ తట్టుకుంటుందా అని చూసే కనెక్షన్ స్టడీ రిపోర్టుని "ఫార్మాలిటీ" అని చదవకుండా సంతకం పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: బ్యాటరీలు వచ్చేశాయి, ఇక లైన్లెందుకు?

బ్యాటరీ కరెంటుని మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి తీసుకెళ్తుంది. ఎడారి నుంచి నగరానికి తీసుకెళ్లలేదు. ప్లాంటు దగ్గర పెడితే ఉన్న లైన్‌ని ఎక్కువ గంటలు వాడుకోవచ్చు, కొత్త లైన్ అవసరాన్ని కొంత తగ్గించొచ్చు, వాయిదా వెయ్యొచ్చు. అంతే.

అపోహ: క్యూలో వేల గిగావాట్లున్నాయి, అంతా వచ్చేస్తుంది

పైన చెప్పిన అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 3,000 గిగావాట్ల ప్రాజెక్టులు గ్రిడ్ కనెక్షన్ కోసం క్యూలో ఉన్నాయి, అందులో పని బాగా ముందుకెళ్లినవి సగమే. అమెరికాలో పాత దరఖాస్తులని లెక్క తీస్తే చివరికి కట్టినవి ఐదింట ఒకటి. ఒకే ప్రాజెక్టుకి నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టి, ఎక్కడ ముందు పలికితే అక్కడికి పోయేవాళ్లున్నారు. దాంతో నిజంగా కట్టేవాడు వెనకబడతాడు, ఏ లైన్ మీద ఎంత కరెంటు పారుతుందో లెక్కేసే మా లోడ్ ఫ్లో స్టడీలు ఎప్పటికప్పుడు మళ్లీ మొదలు. అందుకే అమెరికాలో 2023లో "ముందు వచ్చినవారికి" బదులు "ముందు సిద్ధమైనవారికి" అని రూలు మార్చారు.

ఇక ఫోన్ చేసిన ఆయన సంగతి. లైన్ ఎప్పుడన్నది నేను చెప్పలేకపోయాను, చెబితే అబద్ధమవుతుంది. టవర్‌వారీ ప్రోగ్రెస్ రిపోర్టు అడిగి తీసుకోమన్నాను: ఎన్ని ఫౌండేషన్లు అయ్యాయి, ఎన్ని టవర్లు లేచాయి, ఎక్కడెక్కడ కేసులున్నాయి. అవతలి సబ్‌స్టేషన్‌లో తన బే (లైన్ వచ్చి కలిసే చోటు) పని ఏ దశలో ఉందో కూడా చూసుకోమన్నాను. ఆ కాగితాలు పట్టుకుని వెళ్లి, వాయిదాలు మొదలయ్యే తేదీ గురించి అప్పిచ్చినవాళ్లతో ఇప్పుడే మాట్లాడమన్నాను. "ఇవన్నీ అడగొచ్చా సార్?" అన్నాడు. ప్లాంటు కట్టడం మొదలుపెట్టకముందే అడగాల్సినవి. పైకి మాత్రం అడగొచ్చు అనే అన్నాను.