ఏనుగు ఎందుకు ఏడ్చింది?

"పెద్దమ్మా, ఏనుగు ఏడుస్తుంది!"

మా చెల్లె కొడుకు ఐదో పుట్టినరోజు. జులై నెల, హన్మకొండలో రెండు రోజులుగా ఒకటే ముసురు. అడవి థీమ్ కేకే కావాలని వాడు పట్టుబడితే, రెండు రాత్రులు కూర్చుని కేకు మీద ఫాండెంట్ అనే చక్కెర ముద్దతో ఓ ఏనుగును, ఓ పులిని, నాలుగు చెట్లను నిలబెట్టాను. ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టిన పావుగంటకు ఏనుగు కంటి కింద నల్లటి చార కారింది. కాసేపటికి పులి చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొవ్వొత్తులు వెలిగించేసరికి అడవంతా వానలో తడిసి మెరుస్తోంది. "అచ్చం నిజం అడవి లెక్కనే ఉన్నది" అన్నారు వచ్చినవాళ్ళు. అది మెచ్చుకోలో, ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. కేకులు సరదాకి చేస్తాను. ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే సిగ్గేసింది. ద్రావణాల పాఠం ఏటా చెప్పేదాన్ని, అదే పాఠం నా వంటింట్లో ఎదురైతే గుర్తుపట్టలేకపోయాను.

ఫాండెంట్ అంటే ఏదో విదేశీ ప్లాస్టిక్ ముద్ద అనుకుంటారు చాలామంది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే అది మన పాకం కథే. పాకం పట్టేటప్పుడు మా అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో ఓ చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి చేసి చూస్తుంది. మెత్తగా ఉండ కట్టిందంటే పొయ్యి కట్టేస్తుంది. చక్కెర పాకమైతే సరిగ్గా ఆ సమయానికి థర్మామీటరు 115 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి కదా, ఇది 115 దాకా ఎలా పోయింది? నీళ్ళు ఆవిరైపోయేకొద్దీ పాకంలో చక్కెర శాతం పెరుగుతుంది. చక్కెర పెరిగేకొద్దీ మరగడానికి కావలసిన వేడీ పెరుగుతుంది. అమ్మ వేలికి తెలిసేది ఆ పాకంలో ఇంకా ఎన్ని నీళ్ళు మిగిలాయన్న సంగతే.

ఉండ పాకాన్ని కదపకుండా చల్లారనిచ్చి, తర్వాత గట్టిగా గిలక్కొడితే ఒక్కసారిగా లెక్కలేనన్ని సన్నటి స్ఫటికాలు పుట్టి తెల్లటి వెన్నలాంటి ముద్ద తయారవుతుంది. పాత పద్ధతి ఫాండెంట్ ఇదే. హోలీకి మన దగ్గర పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు కూడా చక్కెర పాకంతోనే చేస్తారు. కానీ అవి గట్టిగా, పెళుసుగా, కొరికితే పలుకుగా ఉంటాయి. ఈ పలుకు తేడా అంతా స్ఫటికాల పరిమాణంలో ఉంది. అవి 20 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు, అటూ ఇటూ ఉంటే నాలుక వాటిని పలుకుగా గుర్తుపట్టలేదు, నున్నగా ఉందనుకుంటుంది. నిమ్మరసం పిండితే పాకం గడ్డకట్టదని అమ్మకు తెలుసు. ఆ పులుపు కొంత చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. అవి అడ్డుపడటంతో చక్కెర అణువులు వరసగా పేరుకుని పెద్ద స్ఫటికాలు కాలేవు. ఫాండెంట్‌లో లిక్విడ్ గ్లూకోజ్ కలపడం కూడా ఇందుకే.

కేకు మీద దుప్పటిలా కప్పే ఫాండెంట్ ఇంకొంచెం వేరు. నేను కలిపే లెక్క ఇది: 900 గ్రాముల ఐసింగ్ షుగర్, 60 మిల్లీలీటర్ల నీళ్ళలో నానబెట్టి కరిగించిన పెద్ద చెంచాడు జెలటిన్, అరకప్పు లిక్విడ్ గ్లూకోజ్, పెద్ద చెంచాడు గ్లిజరిన్, కాస్త వనస్పతి. జెలటిన్ సాగే గుణం ఇస్తుంది. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచి ముద్దను ఎండిపోనివ్వదు. జెలటిన్ జంతువుల ఎముకల నుంచీ చర్మాల నుంచీ వస్తుంది కాబట్టి శాకాహారుల ఇంటికి చేసేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి, జిగురు పొడులతో చేసిన ఫాండెంట్ కొంటాను. లిక్విడ్ గ్లూకోజ్‌లో ఉన్న నీళ్ళు కూడా కలుపుకుని చూస్తే, కిలోకు పైగా ఉన్న ఈ ముద్ద మొత్తంలో నీళ్ళు వంద గ్రాములు కూడా ఉండవు. ఆ కాసిన్ని నీళ్ళు పలచటి పాకపు పొరగా మారి చక్కెర రేణువుల చుట్టూ పట్టుకుంటాయి. రేణువులు ఒకదాని మీద ఒకటి జారగలిగేది ఆ పొర ఉండబట్టే. మొత్తం బంకమన్ను వ్యవహారం. నాలుగు చెంచాల నీళ్ళు తగ్గితే పగుళ్ళు, నాలుగు చెంచాలు పెరిగితే జిగురు.

ఇప్పుడు ఏనుగు దగ్గరికి వద్దాం.

ఆ రోజు గది 28 డిగ్రీలు ఉందనుకోండి, గాలిలో తేమ 80 శాతం. మన వైపు వానకాలంలో ఇది మామూలే. అలాంటి గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 22 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 24 డిగ్రీలకు చల్లబరిస్తే చాలు, ఇక మోయలేక నీళ్ళుగా దించేయడం మొదలుపెడుతుంది. దీన్నే తుషార స్థానం అంటాం. నా కేకు ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీలతో బయటికి వచ్చింది. 4 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి మోయగలిగేది ఆరు గ్రాముల చిల్లర మాత్రమే. మిగతాదంతా ఏనుగు మీద దిగింది. చల్లటి స్టీలు చెంబు బయట చెమట పట్టినట్టే.

చెంబు మీద నీళ్ళు తుడిస్తే పోతాయి. చక్కెర మీద పడ్డ నీళ్ళు ఊరుకోవు. మామూలు గది వేడి దగ్గర ఒక గ్రాము నీళ్ళు దాదాపు రెండు గ్రాముల చక్కెరను కరిగించుకుంటాయి. ఎనిమిది అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న కేకు పైనా చుట్టూ కలిపితే సుమారు 970 చదరపు సెంటీమీటర్లు. దాని మీద కాగితం మందంలో సగమంత నీటి పొర పట్టినా ఒక చిన్న చెంచాడు నీళ్ళు, అంటే పది గ్రాముల చక్కెర పాకమైపోయినట్టు. ఆ పాకంలోకి రంగు దిగుతుంది, ఏనుగుకు కన్నీళ్ళొస్తాయి. పైగా చక్కెర గాలి నుంచి నీళ్ళు లాక్కోవడానికి కేకు చల్లగా ఉండాల్సిన పని కూడా లేదు. గాలిలో తేమ 85 శాతానికి చేరితే స్వచ్ఛమైన చక్కెర తనంతట తనే నీళ్ళు లాగి కరగడం మొదలుపెడుతుంది. ఫ్రక్టోజ్, గ్లిజరిన్ లాంటివి కలిస్తే ఇంకా ముందే మొదలవుతుంది. మేలో పగుళ్ళు రాకుండా కాపాడిన గ్లిజరిన్ జులైలో శత్రువుతో చేతులు కలుపుతుందన్నమాట.

విరుగుడు తెలిశాక నవ్వొచ్చింది. కేకును అట్టపెట్టెలో పెట్టి, సందు లేకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటికి తీశాక పెట్టె తెరవకుండా రెండు మూడు గంటలు వదిలేయాలి. చెమట పెట్టెకు పడుతుంది, లోపల కేకు మెల్లగా గది వేడికి వస్తుంది. ఓపిక పట్టడం ఒక్కటే కష్టం. ఇంటి నిండా పిల్లలున్నప్పుడు మూసి ఉన్న కేకు పెట్టెను మూడు గంటలు కాపాడటం ఏ శాస్త్రంతోనూ అయ్యే పని కాదు.

లోపలి నుంచి కూడా నీళ్ళు వస్తాయి, అది ఇంకో గొడవ. మా ఏనుగు కింద నేను పూసింది విప్పింగ్ క్రీమ్. దానిలో బోలెడు నీళ్ళు. పైన చక్కెర, కింద నీళ్ళు ఉంటే ఆ రెండూ కలవకుండా ఆపగలిగేవారెవరు? ఇప్పుడు డార్క్ చాక్లెట్ గనాష్ వాడుతున్నాను. రెండు పాళ్ళ చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్ అని లెక్క, మన ఎండలకు చాక్లెట్ మూడు పాళ్ళు చేసినా తప్పులేదు. బటర్‌క్రీమ్ రుచి నాకిష్టమే గానీ, వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది. బయట 43 ఉన్న రోజున ఏసీ లేని గదిలో దాన్ని నమ్ముకుని రెండంతస్తుల కేకు కట్టడం నా వల్ల కాదు.

ఎండాకాలం కష్టాలు వేరు. మేలో గాలి దాహంతో ఉంటుంది. ఫాండెంట్‌ను ఒత్తి, కేకు మీద వేసి, అంచులు సర్దుతుండగానే పైపొర ఎండిపోయి ముడతలు పడుతుంది. లోపల ఇంకా మెత్తగా ఉంటుంది, పైపొర కుంచించుకుని చిట్లుతుంది. కేకులు చేసేవాళ్ళు దీన్ని ఎలిఫెంట్ స్కిన్ అంటారు. నాకు ఏనుగు పీడ జులైతో వదల్లేదు. చేతికి వనస్పతి రాసుకుని మెల్లగా రుద్దితే చిన్న ముడతలు పోతాయి. వాడని ముద్దను నిమిషం కూడా పాలిథిన్ కవరు బయట ఉంచకూడదు. ఫ్యాను తప్పనిసరిగా ఆపాలి, మేలో వరంగల్లో ఈ ఒక్క నియమానికే సగం మంది ఈ హాబీ మానేస్తారు.

అంచుల సంగతి చెప్పాలి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది అదే. ఎనిమిది అంగుళాల కేకు, నాలుగు అంగుళాల ఎత్తు. కప్పాలంటే పదహారు అంగుళాల గుండ్రటి షీటు ఒత్తాలి. ఆ షీటు అంచు చుట్టుకొలత సుమారు 50 అంగుళాలు. అది వెళ్ళి ఆనాల్సిన కేకు అడుగు చుట్టుకొలత 25. మిగిలిన 25 అంగుళాలు ఎక్కడికి పోవాలి? గుండ్రటి బల్ల మీద గుడ్డ పరిస్తే ఏమవుతుందో అదే అవుతుంది, కుచ్చిళ్ళు పడతాయి. బల్లపరుపు తలాన్ని సాగదీయకుండా, చింపకుండా గోళం మీద పరచలేమని జర్మన్ గణితవేత్త గాస్ 1827లోనే తేల్చాడు. గుండ్రటి బంతి కేకు చేయబోయిన ప్రతివాళ్ళూ అదే సంగతిని మళ్ళీ కొత్తగా కనిపెడతారు. గుడ్డకు లేని సౌకర్యం ఫాండెంట్‌కు ఉంది. దాన్ని నొక్కితే రేణువులు జారి అడ్డంగా తగ్గుతుంది, ఆ మేరకు కిందికి సాగుతుంది లేదా మందమవుతుంది. కాబట్టి కుచ్చి పడ్డచోట దాన్ని అణచకూడదు. పావడా అంచు పట్టుకున్నట్టు బయటికి లాగి విప్పి, పైనుంచి కిందికి అరచేత్తో నిమురుతూ రావాలి. ఎక్కువైనదంతా అడుక్కి చేరుతుంది, అక్కడ కోసేయాలి. మందం నాలుగు మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. అంతకన్నా పలచనైతే అంచు దగ్గర చిరుగుతుంది. మందమైతే తినేవాళ్ళు ఒలిచి పళ్ళెం పక్కన పెడతారు. నాలుగైనా ఒలిచి పెడతారనుకోండి.

రంగుల దగ్గర కూడా నీళ్ళ లెక్కే. ద్రవం రంగు చుక్కలు చుక్కలుగా పోస్తుంటే ముద్ద జావ అవుతుంది, అందుకే జెల్ రంగులు వాడతారు. ముదురు నలుపు కావాలంటే తెల్లముద్దలో నలుపు దట్టించకుండా ముందు కోకో పొడితో గోధుమరంగు చేసుకుని మొదలుపెట్టాలి. మా ఏనుగు కంటికి నేను పట్టించిన నలుపు తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

ఆ ఏడాది సద్దుల బతుకమ్మకు చెల్లె బతుకమ్మ కేకు అడిగింది. తంగేడు, గునుగు, బంతి, పైన గౌరమ్మ, వెనక కాకతీయ తోరణం. పువ్వులకూ తోరణానికీ ఫాండెంట్ చాలదు, వాలిపోతుంది. దానిలో టైలోస్ పౌడర్ కలపాలి. అది చెట్ల సెల్యులోజ్‌ను మార్చి తయారుచేసే జిగురు, నీటిని పట్టేసుకుని ముద్దను బిగిస్తుంది, ఆరాక పింగాణీలా గట్టిపడుతుంది. ఆరడమే సమస్య. సెప్టెంబరులో మూడు రోజులైనా తోరణం కాళ్ళు వంగుతూనే ఉన్నాయి. అమ్మ చూసి, "గివన్నీ ఎండకాలంలనే చేసి పెట్టుకోవాలె బిడ్డా. వడియాలు వానకాలంల పెడ్తమా?" అంది. అంతే కదా! అప్పటి నుంచి చక్కెర పువ్వులన్నీ మేలోనే చేస్తున్నాను. నీడన ఆరబెడతాను, ఎండలో రంగు వెలిసిపోతుంది. ఒక్క రాత్రిలో గలగలమంటాయి.

బరువు ఇంకో చిక్కు. బతుకమ్మ అంటే కింద వెడల్పు, పైకి సన్నం, చూడటానికి నిలకడగానే ఉంటుంది. కానీ మెత్తటి కేకు తన పైఅంతస్తును మోయలేదు. లోపల కర్ర పుల్లలు గుచ్చి వాటి మీద అట్ట పెట్టి, ఆ అట్ట మీద పైఅంతస్తు ఉంచితే బరువు పుల్లల గుండా కింది బోర్డుకు దిగుతుంది. శిఖరం మొత్తం ఫాండెంట్ ముద్దే పెడితే అది కూడా కూలుతుంది. అందుకని లోపల మరమరాల ముద్ద పెట్టి, పైన పలచగా ఫాండెంట్ కప్పాను. మరమరంలో ఎక్కువ భాగం గాలే. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి కట్టినవాళ్ళు చేసిందీ ఇలాంటిదే. గోడలకూ స్తంభాలకూ రాయి వాడి, విమానానికి మాత్రం నీళ్ళ మీద తేలేంత తేలిక ఇటుకలు వాడారు. బుడగలతో నిండిన ఇటుక పైన ఉంటే కింది రాళ్ళకు భారం తగ్గుతుంది. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌లో ఆ ఇటుక కథ విన్నప్పుడు, దాన్ని ఎప్పుడైనా కేకుకు వాడతానని అనుకోలేదు.

బతుకమ్మ కేకు పెట్టెలో రెండున్నర గంటలు ఉంది. మా అల్లరి పిడుగు ఐదుసార్లు వచ్చి మూత దగ్గర ముక్కు పెట్టి పోయాడు. తెరిస్తే చెమట లేదు. ఒక్క గునుగు పువ్వు రాలింది, అది నేను సరిగ్గా అంటించకపోవడం వల్లే.

తోరణాన్ని ఎవరూ తిననివ్వలేదు. ఇప్పటికీ మా షోకేస్‌లో ఉంది, చుట్టూ చీమల చాక్‌పీసు గీత గీసి పెట్టాను. ముసురు పట్టిన రోజుల్లో ముట్టుకుంటే వేలికి కాస్త అంటుకుంటుంది. ఎండలు మొదలవగానే మళ్ళీ గట్టిపడి, గోటితో కొడితే టక్కుమంటుంది.